సిగ్నల్ పోకముందే వెబ్ పేజీని పీడీఎఫ్‌గా దాచుకోవడం ఎలా?

దోర్నాల దాటి శ్రీశైలం దారి పట్టితే నల్లమలలో చాలా దూరం ఫోన్‌కు సిగ్నల్ అందదు. మైపాడు నుంచో కొత్తపట్నం నుంచో బోటు బాగా లోపలికి పోయినా అంతే. తుపాను రోజుల్లో అయితే ఇంట్లో ఉన్నవాళ్లకూ నెట్ గ్యారంటీ లేదు. ముందు కరెంటు పోతుంది, ఆ తర్వాత టవర్ కూడా ఆగిపోతుంది. వాయుగుండం వార్తలు ఎక్కువగా వినే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరంలో ఈ పని అందరికీ తెలిసి ఉండాలి.

‘పొద్దున చూసిన పేజీ ఫోన్‌లో అలాగే ఉంది కదా’ అని చాలామంది ధీమాగా ఉంటారు. ఆ ధీమా పనికిరాదు. మధ్యలో నాలుగైదు యాప్‌లు తెరిస్తే, మెమరీ చాలక ఫోన్ ఆ పేజీని వదిలేస్తుంది. మళ్లీ తెరవాలంటే నెట్ కావాలి. అదే పీడీఎఫ్ అయితే అక్షరాలు, బొమ్మలు అన్నీ ఒకే ఫైల్‌లో ఉంటాయి. ఏ ఫోన్‌లో తెరిచినా అలాగే కనిపిస్తుంది, జిరాక్స్ షాపుకు పంపితే ప్రింటూ వస్తుంది.

ముందు పేజీని సిద్ధం చేయండి

అందరూ వదిలేసే పని ఇదే. చాలా సైట్లలో కింది బొమ్మలు మనం అక్కడిదాకా వెళ్లేవరకు లోడ్ కావు. పైనుంచే సేవ్ కొడితే సగం తర్వాత బొమ్మలుండాల్సిన చోట తెల్లటి ఖాళీ గళ్లు మిగులుతాయి. అందుకని ఒకసారి నిదానంగా చివరిదాకా జరపండి. ‘ఇంకా చదవండి’ అనే బటన్లు, ప్రశ్న మీద నొక్కితేనే జవాబు కనిపించే చోట్లు ఉంటే అన్నీ తెరిచి పెట్టండి. మూసి ఉన్నది సాధారణంగా పీడీఎఫ్‌లోకి రాదు.

ఇంకో మాట. అడ్రసు చివర ‘డాట్ పీడీఎఫ్’ అని ఉంటే అది అప్పటికే పీడీఎఫ్. ప్రభుత్వ ఉత్తర్వులు, నోటిఫికేషన్లు చాలావరకు ఇలాగే ఉంటాయి. వాటిని నేరుగా డౌన్‌లోడ్ చేసుకుంటే చాలు.

ఆండ్రాయిడ్ ఫోన్‌లో

క్రోమ్‌లో పేజీ తెరిచి, పైన కుడివైపు మూడు చుక్కలు నొక్కండి. ‘షేర్’లోకి వెళ్లి ‘ప్రింట్’ ఎంచుకోండి. ప్రింటర్ లేదే అని ఆగిపోకండి, దారి ఇదే. పైన ప్రింటర్ పేరు ఉండే చోట ‘సేవ్ యాజ్ పీడీఎఫ్’ పెట్టండి. పేపర్ సైజు ‘ఏ4’ ఉందో లేదో చూడండి. కింద పేజీలన్నీ వరుసగా కనిపిస్తాయి. చివరి రెండు మూడు పేజీల్లో ప్రకటనలు తప్ప ఏమీ లేకపోతే వాటి టిక్ తీసేయండి. తర్వాత పీడీఎఫ్ అని ఉన్న గుండ్రటి బటన్ నొక్కి, ఫోల్డర్ చూసుకుని సేవ్ చేయండి.

ఆ ఫోల్డర్ దగ్గర జాగ్రత్త. కొన్ని ఫోన్లు గూగుల్ డ్రైవ్‌ను చూపిస్తాయి. అక్కడ పెడితే ఫైల్ ఉండేది నెట్‌లో, మీ ఫోన్‌లో కాదు. ‘డౌన్‌లోడ్స్’ ఎంచుకోండి. సేవ్ అయ్యాక ఏరోప్లేన్ మోడ్ వేసి ఆ ఫైల్ తెరవండి. తెరుచుకుంటే టెన్షన్ లేదు.

ఐఫోన్‌లో సఫారీ వాడేవాళ్లు మామూలుగా స్క్రీన్‌షాట్ తీసి, ఆ చిన్న బొమ్మ మీద నొక్కి, ‘ఫుల్ పేజ్’ ఎంచుకుని పీడీఎఫ్‌గా ‘ఫైల్స్’లో పెట్టుకోవచ్చు. ఇది ఒకే పొడవాటి పేజీగా వస్తుంది. చదవడానికి బాగుంటుంది, ప్రింటుకు మాత్రం అనుకూలం కాదు.

కంప్యూటర్‌లో

కంట్రోల్, పీ కలిపి నొక్కి, డెస్టినేషన్‌లో ‘సేవ్ యాజ్ పీడీఎఫ్’ పెట్టండి. ‘మోర్ సెట్టింగ్స్’లో ‘హెడర్స్ అండ్ ఫుటర్స్’ టిక్ ఉంచమని నా సలహా. అందం చెడుతుందని కొందరు తీసేస్తారు. కానీ పేజీని ఏ తేదీన, ఏ అడ్రసు నుంచి తీసుకున్నారో అంచుల్లో పడేది దాని వల్లే. రేపు ఆ సైట్‌లో గడువు తేదీ మార్చేస్తే మీ దగ్గర ఆ వివరమైనా ఉంటుంది. ప్రకటనలు ఎక్కువగా ఉన్న పేజీని ఫైర్‌ఫాక్స్‌లో రీడర్ వ్యూలో తెరిచి ప్రింట్ ఇస్తే విషయం మాత్రమే మిగులుతుంది.

తెలుగు పేజీలకు ఒక చిక్కుంది. పీడీఎఫ్‌లో ఒత్తులు, గుణింతాలు కంటికి సరిగ్గానే కనిపిస్తాయి. కాపీ చేసి ఇంకోచోట అతికిస్తే చాలాసార్లు అక్షరాలు చెదిరిపోతాయి, వెతికినా మాట దొరకదు. ఫైల్‌లో అక్షరాల ఆకారాలు ఉంటాయే తప్ప, ఏ ఆకారం ఏ అక్షరాలదో అన్న లెక్క సరిగ్గా చేరకపోవడమే కారణం. కాపీ చేసుకునే అవసరం ఉంటే క్రోమ్‌లో కంట్రోల్, ఎస్ నొక్కి ‘వెబ్‌పేజ్, సింగిల్ ఫైల్’గా కూడా ఒకటి దాచుకోండి.

పేరులో తేదీ తప్పనిసరి

పీడీఎఫ్ తీసుకున్న క్షణంతో ఆగిపోతుంది, సైట్ మారినా అది మారదు. వంటకమో పాఠమో అయితే ఇబ్బంది లేదు. చేపల వేటకు వెళ్లేవాళ్లకు ఇది ప్రాణం మీద మాట. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ) చేపలు దొరికే చోట్ల సమాచారాన్ని తెలుగులో కూడా ఇస్తుంది. ఫలానా రేవు నుంచి ఏ దిక్కున, ఎంత దూరం, అక్కడ ఎంత లోతు అని అందులో ఉంటుంది. ఆ సూచన ఎప్పటికప్పుడు మారుతుంది. మొన్నటి ఫైల్ చూసి బోటు తిప్పితే డీజిల్ దండగ. తుపాను హెచ్చరిక పాతదైతే అంతకన్నా ప్రమాదం. అందుకే ఫైల్ పేరు మొదట్లోనే సంవత్సరం, నెల, రోజు, ఆ తర్వాత గంట పెట్టండి. అప్పుడు పేరు వరుసలో పెడితే కొత్తది ఏదో వెంటనే తెలుస్తుంది. కొత్తది దాచుకున్న వెంటనే పాతది తీసేయండి.

వాట్సాప్‌లో పీడీఎఫ్ అందితే సరిపోదు. చాలాసార్లు దాన్ని నొక్కి డౌన్‌లోడ్ చేస్తేనే ఫోన్‌లోకి వస్తుంది. పట్టపుపాలెంలో ఉన్న అన్నకో, ఘాట్ రోడ్డు ఎక్కబోయే బావకో పంపితే, ‘సిగ్నల్ ఉండగానే ఒకసారి తెరిచి పెట్టుకో’ అని ఫోన్ చేసి చెప్పండి.

లింకు ఇస్తే పీడీఎఫ్ చేసిచ్చే సైట్లు, యాప్‌లు బోలెడున్నాయి. వీటి అవసరమే లేదు. బ్యాంకు స్టేట్‌మెంట్, ఆధార్ వివరాలు, పొలం అడంగల్ ఉన్న పేజీలను వాటికి అసలు ఇవ్వకండి. మీ బ్రౌజర్‌లోని ప్రింట్ అదే పనిని మీ ఫోన్‌లోనే చేసిపెడుతుంది.