థ్యాంక్స్‌గివింగ్ విందు: 24 మందికి ఒక్క ఓవెన్‌తో పైలు, భోజనం ఎలా?

నవంబరు నాలుగో గురువారం, అంటే థ్యాంక్స్‌గివింగ్ పండుగ, దగ్గరపడుతోందంటే అమెరికాలోని తెలుగిళ్లలో కూడా "ఈసారి ఎవరింట్లో?" అని ఫోన్లు మొదలవుతాయి. మా కుటుంబంలో ఆ విందు కొన్నేళ్లుగా మా ఇంట్లోనే. వచ్చేది 24 మంది, ఉన్నది ఒక్క ఓవెన్. మొదటి ఏడాది టర్కీ కోడి, పైలు (మైదా పొరలో తీపి పూర్ణం నింపి ఓవెన్‌లో కాల్చేవి) అన్నీ గురువారమే పెట్టుకున్నాను. నాలుగింటికి తినాల్సినవాళ్లం రాత్రి ఎనిమిది దాటాక తిన్నాం. షుగర్ ఉన్న మామయ్యగారు అంతసేపూ బిస్కెట్లతో సరిపెట్టుకున్నారు. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. అప్పటినుంచి మెనూ కంటే ముందు ఓవెన్ టైమ్‌టేబుల్ రాసుకుంటున్నాను.

కింద చెప్పే డిగ్రీలన్నీ ఫారెన్‌హీట్‌లోనే.

రెండు వారాల ముందు: ఎవరు ఏం తింటారు, ఎవరు ఏం తెస్తారు

గుడ్డు తిననివాళ్లు, మాంసం తిననివాళ్లు, జీడిపప్పు, పెకాన్ లాంటివి పడనివాళ్లు ఎవరెవరో ముందు రాసుకోండి. పైల సంగతి దీన్నిబట్టే తేలుతుంది. గుమ్మడి పైలో గుడ్లు పడతాయి, యాపిల్ పైలో అక్కర్లేదు. షాపులో దొరికే రెడీమేడ్ పై పిండిలో కొన్నిట్లో పంది కొవ్వు ఉంటుంది. కొనేటట్టయితే ప్యాకెట్ వెనక తప్పకుండా చదవండి.

"మీకు వీలైంది తెండి" అని వాట్సాప్‌లో పెడితే మూడు పులిహోరలు వస్తాయి, కూర ఒక్కటీ రాదు. వంటకం, ఎంతమందికి, ఎన్నింటికి అనేది విడివిడిగా చెప్పాలి. "వదినా, గుత్తివంకాయ నీది, పదిహేను మందికి. మూడున్నరకల్లా వచ్చేయ్." "పిన్నీ, దద్దోజనం మీరు చేస్తేనే బాగుంటుంది." ఇలా అడిగితే ఎవరూ నొచ్చుకోరు, పైగా సంతోషిస్తారు. ఒక్క షరతు పెట్టండి: బయటినుంచి వచ్చే వంటకం ఏదీ మన ఓవెన్‌లో వేడిచేయాల్సినది కాకూడదు.

తొమ్మిది అంగుళాల పై ఎనిమిది ముక్కలవుతుంది. చాలామంది రెండు రకాలూ సగం సగం ముక్క రుచి చూస్తారు కాబట్టి మాకు రెండు యాపిల్, రెండు గుమ్మడి.

ఆదివారం: టర్కీని ఫ్రిజ్‌లోకి మార్చడం

మాలో సగం మంది శాకాహారులు కనుక 14 పౌండ్ల టర్కీ సరిపోతుంది. గడ్డకట్టిన టర్కీ ఫ్రిజ్‌లో కరగడానికి ప్రతి నాలుగైదు పౌండ్లకు ఒక రోజు పడుతుంది. అందుకే ఆదివారం సాయంత్రమే ఫ్రీజర్ నుంచి కింద అరలోకి మార్చాలి.

మంగళవారం: పై పిండి

బొబ్బట్ల పిండికి అలవాటుపడిన చేతులు ఇక్కడ కొంచెం ఆగాలి. బొబ్బట్లకు పిండి ఎంత మర్దిస్తే అంత సాగుతుంది. పై పిండిని మర్దిస్తే అప్పచ్చిలా గట్టిపడుతుంది. తాపేశ్వరం కాజాలో పొర మీద పొర ఎలా విడుతుందో పై అంచు కూడా అలా విడాలి. ఆ పనిచేసేది చల్లటి వెన్న. పిండిలో చిన్న చిన్న ముక్కలుగా మిగిలిన వెన్న ఓవెన్ వేడికి కరుగుతుంది, అందులోని నీరు ఆవిరై పొరలను విడదీస్తుంది.

రెండున్నర కప్పుల మైదాలో చెంచా ఉప్పు, చెంచా పంచదార కలపండి. ఉప్పు లేని చల్లటి వెన్న రెండు స్టిక్‌లు, అంటే 226 గ్రాములు, ముక్కలుగా కోసి వేయండి. వేళ్ల కొసలతో నలపండి, అరచేతి వేడి తగలనివ్వకండి. వెన్న బఠానీ గింజలంత ఉండగానే ఆపేసి, ఐస్ నీళ్లు ఒక్కో టేబుల్‌స్పూను చొప్పున ఆరు నుంచి ఎనిమిది వరకు చల్లండి. పిడికిట్లో నొక్కితే ముద్దకట్టాలి, వేలితో పొడిస్తే విడిపోవాలి. అంతే, ఇంక ముట్టుకోవద్దు. రెండు బిళ్లలుగా నొక్కి, ప్లాస్టిక్ కాగితంలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. యాపిల్ పైకి కిందా పైనా రెండు పొరలు, గుమ్మడి పైకి ఒక్కటే. మొత్తం ఆరు బిళ్లలు, అంటే ఈ కొలతకు మూడు రెట్లు. మూడూ ఒకేసారి కలపకుండా విడివిడిగా చేయండి.

బుధవారం: ఓవెన్ మొత్తం పైలకే

ముందు యాపిల్. పెద్దవాళ్లు తినేది అదే కాబట్టి నీచు తగలకముందే, కడిగిన ఓవెన్‌లో చేస్తాను. ఈ ఒక్క మాట చెబితే మా అత్తయ్యగారు నిశ్చింతగా తింటారు.

ఒక పైకి పుల్లటి గ్రానీ స్మిత్ యాపిల్స్ ఆరేడు. తొక్క తీసి పావు అంగుళం మందాన కోయండి. ముప్పావు కప్పు పంచదార, రెండు మూడు టేబుల్‌స్పూన్ల మైదా, చెంచా దాల్చినచెక్క పొడి, నిమ్మరసం, చిటికెడు ఉప్పు కలపండి. ఒక బిళ్లను ఒత్తి పై పళ్లెంలో పరిచి, ముక్కలు నింపి, రెండోది కప్పి అంచులు నొక్కేయండి. మీద నాలుగు గాట్లు పెట్టండి. గుడ్డు బదులు పాలు పూస్తే చాలు, చక్కగా ఎర్రబడుతుంది. 425 దగ్గర 20 నిమిషాలు, తర్వాత 375 దగ్గర 40 నుంచి 45 నిమిషాలు. గాట్లలోంచి పాకం చిక్కగా బుడగలు వస్తే అయినట్టు. పొంగి కారుతుంది, కింద ఒక ట్రే పెట్టడం మర్చిపోవద్దు.

గుమ్మడి పైకి 15 ఔన్సుల గుమ్మడి గుజ్జు డబ్బా ఒకటి. డబ్బా మీద "పై మిక్స్" అని ఉంటే వద్దు, అందులో పంచదార ముందే కలిపి ఉంటుంది. 12 ఔన్సుల ఎవాపరేటెడ్ మిల్క్ (కండెన్స్‌డ్ మిల్క్ కాదు), రెండు గుడ్లు, ముప్పావు కప్పు పంచదార, అరచెంచా ఉప్పు, చెంచా దాల్చినచెక్క పొడి, అరచెంచా శొంఠి, పావుచెంచా లవంగాల పొడి కలిపి గిలక్కొట్టి, ఒత్తిన పిండిలో పోయండి. 425 దగ్గర 15 నిమిషాలు, 350 దగ్గర 40 నుంచి 50. అంచులు గట్టిపడి నడిమధ్య కొంచెం జెల్లీలా కదులుతుండగానే తీసేయాలి. పూర్తిగా గట్టిపడేదాకా ఉంచితే పగుళ్లొస్తాయి. రెండు గంటలు చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టండి. యాపిల్ పైలు బయటే ఉండొచ్చు.

గురువారం: నాలుగింటి నుంచి వెనక్కి లెక్క

నాలుగింటికి భోజనం. పొట్టలో ఏమీ కూరకుండా పెట్టిన 14 పౌండ్ల టర్కీకి 325 దగ్గర మూడు నుంచి మూడుముప్పావు గంటలు పడుతుంది, కాబట్టి పదకొండున్నరకల్లా లోపల పెట్టాలి. రెండున్నర నుంచి థర్మామీటర్‌తో చూస్తుండండి. తొడ దగ్గర మందమైన చోట, ఎముకకు తగలకుండా గుచ్చితే 165 చూపించాలి. బయటికి తీశాక అరగంట కదపకుండా ఉంచితే రసం నిలుస్తుంది. ఓవెన్ ఖాళీ అయిన ఆ అరగంటే బ్రెడ్ రోల్స్‌కి, బీన్స్ క్యాసరోల్‌కి.

శాకాహారానికి వేరే బల్ల, వేరే గరిటెలు. బల్ల సర్దడం, గ్లాసులు, మంచినీళ్లు పిల్లలకు అప్పగించండి.

భోజనాలు సగంలో ఉండగా యాపిల్ పైలను, నీచు తగలకుండా మూత పెట్టి, 350 దగ్గర పావుగంట వేడిచేయండి. గుమ్మడి పై మాత్రం చల్లగానే కోయాలి, ఒక్కో ముక్కకీ చాకును వేడినీళ్లలో ముంచి తుడుచుకుంటూ. మిగిలిన టర్కీ, గుమ్మడి పై రెండు గంటలు దాటకుండా ఫ్రిజ్‌లోకి వెళ్లిపోవాలి. ఖాళీ డబ్బాలు ముందే ఒక పక్కన పెట్టి ఉంచితే, వెళ్లేటప్పుడు ఎవరికి కావలసింది వాళ్లే సర్దుకుంటారు.