బైపీసీ తర్వాత బీఎస్సీ: జీవశాస్త్ర డిగ్రీని ప్లాన్ చేసుకోవడం ఎలా?

ఇంటర్ ఫలితాలు రాగానే అందరూ అడిగే ప్రశ్న ఒకటే: "ఏ కాలేజీ మంచిది?" డిగ్రీలో జీవశాస్త్రాలు చెబుతూ, ప్రవేశాల సమయంలో పిల్లల పక్కన కూర్చుని ఆప్షన్లు పెట్టిస్తూ వస్తున్నాను కాబట్టి చెబుతున్నాను, అది చివర అడగాల్సిన ప్రశ్న. డిగ్రీ అయ్యాక ఎక్కడ అడుగుపెట్టాలనుకుంటున్నారో ముందు తేల్చుకోండి. అక్కడి నుంచి వెనక్కి లెక్క వేసుకుంటూ వస్తే ఏ సబ్జెక్టులు కావాలో తెలుస్తుంది. అవి తెలిశాకే కాలేజీ.

1. కాగితాలు, రిజిస్ట్రేషన్

పదో తరగతి, ఇంటర్ మెమోలు, టీసీ, కుల, ఆదాయ ధ్రువపత్రాలు, ఆధార్‌కు జతచేసిన ఫోను నంబరు సిద్ధంగా ఉంచుకోండి. ఆదాయ పత్రం పాతదేమో చూసుకోండి, ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు అది కావాలి. తెలంగాణలో దోస్త్, ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నత విద్యామండలి ఆధ్వర్యంలోని ఓఏఎండీసీ అనే ఆన్‌లైన్ విధానాల ద్వారా డిగ్రీ ప్రవేశాలు జరుగుతాయి. దోస్త్‌లో సీటు వచ్చాక గడువులోగా సెల్ఫ్ రిపోర్టింగ్ (ఆ సీటు తీసుకుంటున్నట్టు ఆన్‌లైన్‌లో మీరే ఖాయం చేయడం) చేయకపోతే ఆ సీటు పోతుంది. ఫారం నింపడం నెట్ సెంటర్ వాళ్లకు అప్పగించవచ్చు. ఆప్షన్ల వరుస మాత్రం ఇంట్లోనే కాగితం మీద రాసుకుని వెళ్లండి.

2. బీఎస్సీలో చేరడం ఖాయమేనా?

నీట్ లాంగ్ టర్మ్ చదువుతూ పేరుకు బీఎస్సీలో చేరడం నేను ఒప్పుకోను. మొదటి రెండు సెమిస్టర్లు ప్రాక్టికల్స్‌కు రాని పిల్లలు ఆ తర్వాత మైక్రోస్కోపు ముందు తెల్లమొహం వేస్తారు. నీట్ మళ్లీ రాయాలంటే ఆ ఏడాది అదే చదవండి. డిగ్రీలో చేరితే మనసు పెట్టి చేరండి.

ఇంటర్ రెండో సంవత్సరంలో ఉన్నవాళ్లకు ఇంకో దారి ఉంది. తిరుపతితో కలిపి దేశంలో ఏడు ఐసర్‌లు (విజ్ఞాన విద్య, పరిశోధనల కేంద్ర సంస్థలు) ఉన్నాయి. అక్కడి అయిదేళ్ల బీఎస్-ఎంఎస్ కోర్సుకు ఐఏటీ అనే ప్రవేశ పరీక్ష ఉంటుంది. బైపీసీ వాళ్లూ రాయవచ్చు. అందులో జీవ, రసాయన, గణిత, భౌతిక శాస్త్రాలకు సమాన వాటా ఉంటుంది. పదో తరగతితో లెక్కలకు దండం పెట్టినవాళ్లు పేపరులో పావు వంతు వదులుకున్నట్టే. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోని అయిదేళ్ల ఇంటిగ్రేటెడ్ (డిగ్రీ, పీజీ కలిసిన) కోర్సులకు సీయూఈటీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాయాలి. వీటి దరఖాస్తు తేదీలు ఇంటర్ ఫలితాల కోసం ఆగవు.

3. సబ్జెక్టుల కూర్పు: తొందర పడకూడని చోటు

ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే. ఆ సంగతి మూడేళ్ల తర్వాత గానీ బయటపడదు. బయటపడేసరికి సరిదిద్దుకునే వీలుండదు. అందుకే ఈ ఒక్క అడుగుకు కనీసం వారం కేటాయించండి.

ముందు ఒక కాగితం తీసుకుని, డిగ్రీ తర్వాత మీకు ఇష్టమైన మూడు గమ్యాలు రాయండి. ఎమ్మెస్సీ, బీఈడీ, ఫార్మా ఉద్యోగం, పరిశోధన, ఏదైనా సరే. తర్వాత ఒక్కోదానికి పోయిన ఏడాది నోటిఫికేషన్ తెరవండి. ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్షలైతే తెలంగాణలో సీపీగెట్, ఆంధ్రప్రదేశ్‌లో పీజీసెట్, ఐఐటీలకు జామ్. అందులో "అర్హత" అన్న గడిలో ఏయే సబ్జెక్టులు చదివి ఉండాలన్నారో యథాతథంగా ఎత్తి రాసుకోండి. ఎవరో చెప్పినది, వీడియోలో విన్నది రాయకండి. అప్పుడు మీకు దొరికే గ్రూపుల్లో ఏది ఎక్కువ గడులను నింపుతుందో చూడండి. నా పద్ధతి ఇంతే. పేరు బాగుందనో, స్నేహితులు చేరారనో గ్రూపు తీసుకోవడం కంటే ఇది వంద రెట్లు నయం.

ఇలా చూస్తే రసాయనశాస్త్రం విలువ వెంటనే తెలుస్తుంది. నా నియమం ఇదీ: రసాయనశాస్త్రం లేని జీవశాస్త్ర గ్రూపు తీసుకోవద్దు. జీవరసాయనం, మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ అన్నీ దాని మీదే నిలబడ్డాయి. హైదరాబాద్ శివార్లలోని జీనోమ్ వ్యాలీలో గానీ, విశాఖ దగ్గర పరవాడ ఫార్మా సిటీలో గానీ నాణ్యత పరీక్షల విభాగానికి వెళ్లి చూడండి. ద్రావణాల గాఢత లెక్కకట్టడం, పీహెచ్ సరిచూడటం, హెచ్‌పీఎల్‌సీ (మిశ్రమంలోని పదార్థాలను వేరుచేసి కొలిచే యంత్రం) మీద నమూనా నడపడం అక్కడ రోజువారీ పని. మోలారిటీ లెక్క రాని జీవశాస్త్ర పట్టభద్రుడికి అక్కడ కుర్చీ దొరకదు.

రెండో నియమం: బయోటెక్నాలజీ అన్న పేరు చూసి వృక్షశాస్త్రాన్ని, జంతుశాస్త్రాన్ని చిన్నచూపు చూడొద్దు. ఈ విషయంలో నాకు చాలా బాధ ఉంది. బీజడ్‌సీ (వృక్ష, జంతు, రసాయన శాస్త్రాలు) అంటే పాత గ్రూపు, ఏ సీటూ రానివాళ్లు చేరేది అన్న మాట ఎలా పుట్టిందో గానీ ఊరూరా పాకింది. పరిశోధన ఫెలోషిప్‌కు, అధ్యాపక అర్హతకు రాసే సీఎస్ఐఆర్ నెట్ పరీక్షలో లైఫ్ సైన్సెస్ సిలబస్ పదమూడు యూనిట్లు తెరిచి చూడండి. కణజీవశాస్త్రం, అణుజీవశాస్త్రంతో పాటు మొక్కల శరీరధర్మం, జంతువుల శరీరధర్మం, జీవవైవిధ్యం, ఆవరణశాస్త్రం, పరిణామం అన్నీ ఉంటాయి. బీజడ్‌సీ బాగా చదివినవాడికి అందులో సగం పరిచయమే. ఇంటర్‌లో బోధించేవి వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం. జూనియర్ లెక్చరర్ కావాలంటే వాటిలో ఒకదానిలో పీజీ ఉండాలి. బడిలో జీవశాస్త్ర ఉపాధ్యాయ పోస్టుకు కూడా డిగ్రీలో ఏ సబ్జెక్టులు ఉండాలో నోటిఫికేషన్ పేర్కొంటుంది. రెండూ చదివినవాళ్లకు అక్కడ చిక్కు రాదు. ఎమ్మెస్సీ వృక్షశాస్త్రం చేయాలనిపించినప్పుడు, డిగ్రీలో అది లేదే అని నాలుక కరుచుకున్నవాళ్లను ఏటా చూస్తున్నాను.

బయోటెక్నాలజీ తీసుకోకూడదని కాదు. తీసుకుంటే పక్కన రసాయనశాస్త్రం, ఒక సంప్రదాయ జీవశాస్త్రం ఉండేలా చూసుకోండి. ఆ కూర్పు మీ కాలేజీలో లేకపోతే కాలేజీ మార్చండి. సబ్జెక్టు మార్చకండి.

ఆంధ్రప్రదేశ్ విద్యార్థులు మరింత జాగ్రత్తగా ఉండాలి. అక్కడ 2023-24 నుంచి మూడు సమాన సబ్జెక్టుల పద్ధతి పోయి సింగిల్ మేజర్ వచ్చింది. అంటే ఒక్క సబ్జెక్టే ప్రధానం, మరొకటి మైనర్. ఇలాంటి నిబంధనలు ఏటికేడు మారవచ్చు కనుక మీరు చేరే ఏడాది ఉత్తర్వు చదవండి, అన్నయ్యకో అక్కకో వర్తించినది మీకు వర్తిస్తుందనుకోకండి. మేజర్‌గా ఏ జీవశాస్త్రం తీసుకున్నా, వీలున్నచోట మైనర్‌గా రసాయనశాస్త్రమే పెట్టుకోండి.

మూడేళ్లా, నాలుగేళ్లా అన్నదీ ఇక్కడే ఆలోచించాలి. యూజీసీ చట్రం ప్రకారం మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు, నాలుగేళ్ల ఆనర్స్‌కు 160. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం తెచ్చుకున్నవాళ్లు నాలుగో ఏడు పరిశోధనతో ఆనర్స్ చేయవచ్చు. అమెరికాలో ఎమ్మెస్ ఆలోచన ఉంటే నాలుగేళ్లది మేలు, చాలా విశ్వవిద్యాలయాలు నాలుగేళ్ల డిగ్రీనే కోరతాయి. ఇక్కడే ఎమ్మెస్సీ, బీఈడీ చేసేవాళ్లకు మూడేళ్లు చాలు.

4. కాలేజీ

ఆప్షన్లు పెట్టే ముందు ఒకసారి వెళ్లి ల్యాబ్ చూపించమని అడగండి. చూపించని కాలేజీని జాబితాలోంచి కొట్టేయండి. లోపలికి వెళ్లాక గోడల మీద చార్టులు చూడొద్దు. మైక్రోస్కోపు దగ్గరికి వెళ్లి, నూనె చుక్క వేసి వాడే 100ఎక్స్ కటకాన్ని దీపం కింద పెట్టి చూడండి. ఎండిన నూనె జిడ్డు పేరుకుని ఉంటే దాన్ని వాడాక తుడిచినవాళ్లు లేరని అర్థం. ఆటోక్లేవ్ (ఆవిరి ఒత్తిడితో సామగ్రిని సూక్ష్మజీవరహితం చేసే పాత్ర) మూత రబ్బరు పగిలి ఉందా, పీడనం ముల్లు కదులుతుందా చూడండి. ల్యాబ్ అటెండరును పలకరించి, సూక్ష్మజీవులను పెంచే అగార్ ప్లేట్లు చివరిసారి ఎప్పుడు పోశారో అడగండి. భవనం ఎంత పెద్దదన్నది నాకు లెక్కలో లేదు. ఊరి ప్రభుత్వ కాలేజీలో అనుభవమున్న అధ్యాపకులు, పనిచేసే పరికరాలు ఉంటే దానికే నా ఓటు.

5. చేరిన తర్వాత

మొదటి సెమిస్టర్ నుంచే గణాంకశాస్త్రం మొదలుపెట్టండి. సగటు, ప్రామాణిక విచలనం, కై వర్గ పరీక్ష, టీ పరీక్ష, ఈ నాలుగూ చేత్తో చేయడం రావాలి. జామ్ బయోటెక్నాలజీ పేపరులో ఇంటర్ స్థాయి గణితం, భౌతికశాస్త్రం కూడా ఉంటాయి, వాటికి రోజూ అరగంట ఇవ్వండి. తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవాళ్లు ప్రతి అధ్యాయం తెలుగులో అర్థం చేసుకుని, పారిభాషిక పదాలు ఇంగ్లీషులో రాసుకోండి.

ప్రాక్టికల్ రికార్డు సీనియర్ల దగ్గర చూసి ఎక్కించకండి. ఉల్లి వేరు కొనను మీరే ఉదయం పూట కోసి, ఆమ్లంలో మెత్తబరిచి, ఎసిటోకార్మిన్ రంగు వేసి, కవర్ స్లిప్ కింద బొటనవేలితో నిలువుగా నొక్కాలి. వేలు కాస్త పక్కకు జారినా కణాలు ఒకదాని మీద ఒకటి ముడుచుకుంటాయి. క్రోమోజోములు విడివిడిగా కనిపించేదాకా మళ్లీ చేయండి.

రెండో ఏడాది మొదట్లోనే వేసవి పరిశోధన గురించి ఆలోచించండి. దేశంలోని మూడు విజ్ఞాన అకాడమీలు కలిసి ఏటా వేసవి ఫెలోషిప్‌లు ఇస్తాయి. వేసవి వచ్చాక వెతికితే లాభం లేదు, దరఖాస్తుల గడువు చలికాలంలోనే ముగుస్తుంది. సిఫార్సు లేఖ ఇచ్చే అధ్యాపకులకు మీ పని ముందే తెలిసి ఉండాలి, కాబట్టి ల్యాబ్‌లో కనిపిస్తూ ఉండండి.

ప్రతి సెమిస్టర్ మెమోతో పాటు ఆ ఏడాది సిలబస్ ప్రతినీ దాచండి. విదేశీ విశ్వవిద్యాలయాలు ఒక్కో కోర్సులో ఏమి చదివారో వివరాలు అడుగుతాయి, మీరు బయటికొచ్చేసరికి మీ కాలేజీ సిలబస్ మారిపోయి ఉండవచ్చు.