అడుగంటని ఆపిల్ బటర్

వర్జీనియాలో మా ఇంట్లో ఏటా అక్టోబరులో అందరం కలిసి ఆపిల్ బటర్ చేస్తాం. పేరే గాని అందులో వెన్న ఉండదు; ఆపిల్ గుజ్జును బాగా చిక్కబడేదాకా ఉడికించి చేసే జామ్ లాంటిది. పొయ్యి మీదైతే గంటల తరబడి కలపాలి, చేయి ఆగితే అడుగంటుతుంది, కుతకుతలాడుతూ ముంజేతి మీద చిందుతుంది. ఈసారి సగం పని ఓవెన్‌కు అప్పగించాం.

రెండున్నర కిలోల ఆపిల్స్ చెక్కు తీసి, కప్పు నీళ్లతో మెత్తగా ఉడికించి మెదపండి. ఒకటిన్నర కప్పుల పంచదార, రెండు చిన్న చెంచాల దాల్చినచెక్క పొడి, చిటికెడు లవంగాల పొడి కలిపి, వెడల్పాటి ట్రేలో మూత లేకుండా 120 డిగ్రీల సెల్సియస్‌లో పెట్టండి. అరగంటకోసారి కలిపితే చాలు. మూడు నాలుగు గంటలకు ముదురు గోధుమ రంగుకు వస్తుంది. చల్లటి పళ్లెంలో చెంచాడు వేస్తే చుట్టూ నీరు ఊరకూడదు.

ట్రేలో రెండు అంగుళాలకు మించి పోస్తే మాత్రం సాయంత్రమైనా చిక్కబడదు.