అమెరికాలో ఫ్యామిలీ థెరపీ మాస్టర్స్‌కు దరఖాస్తు చేయడం ఎలా?

కంప్యూటర్ సైన్స్ ఎమ్మెస్‌కు పెట్టినట్టే కౌన్సెలింగ్, ఫ్యామిలీ థెరపీ కోర్సులకూ దరఖాస్తు పెట్టేవారిని చూసి చూసి విసుగొచ్చింది. ర్యాంకుల జాబితా ముందేసుకుని పది యూనివర్సిటీలకు ఒకే వ్యాసం పంపుతారు. తిరస్కారాలు వచ్చాక జీఆర్‌ఈ స్కోరును తిట్టుకుంటారు. ఈ కోర్సుల్లో చాలావాటికి ఆ పరీక్షే అక్కర్లేదు. తగువులాడుకుంటున్న భార్యాభర్తల ఎదుట మిమ్మల్ని కూర్చోబెట్టవచ్చా లేదా అన్నదే అడ్మిషన్ కమిటీ చూసేది.

మొదటి పని: యూనివర్సిటీ కంటే ముందు రాష్ట్రాన్ని ఎంచుకోండి. అక్కడ లైసెన్సు ఇచ్చేది రాష్ట్రమే. కోర్సులకు గుర్తింపునిచ్చే సంస్థలు వేరుగా ఉంటాయి: ఫ్యామిలీ థెరపీకి సీఓఏఎంఎఫ్‌టీఈ (COAMFTE), కౌన్సెలింగ్‌కు కేక్రెప్ (CACREP). ఆ గుర్తింపు ఉందో లేదో చూడండి. కేక్రెప్ కోర్సంటే 60 సెమిస్టర్ క్రెడిట్లు, 100 గంటల ప్రాక్టికమ్ (పర్యవేక్షణలో తొలి శిక్షణ), 600 గంటల ఇంటర్న్‌షిప్. డిగ్రీతో పని అయిపోదు. కాలిఫోర్నియాలో ఫ్యామిలీ థెరపిస్టు లైసెన్సుకు పర్యవేక్షణలో 3,000 గంటలు పనిచేయాలి, అదీ కనీసం 104 వారాల పాటు. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద వెళ్లేవారికి చదువయ్యాక ఓపీటీ, అంటే చదివిన రంగంలో పనిచేసే అనుమతి, 12 నెలలే. ఇవి స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కోర్సులు కావు కనుక ఇంజినీర్లకు దొరికే అదనపు 24 నెలలు వీటికి రావు. ఈ లెక్క సరిచూసుకోకుండా ఫీజు కట్టకండి. హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగి కుటుంబసభ్యుల వీసా) మీద ఉన్నవారు చదువుకోవచ్చు కానీ, వర్క్ పర్మిట్ లేనిదే జీతమిచ్చే ఇంటర్న్‌షిప్ చేయకూడదు.

రెండోది కాగితాలు. మూడేళ్ల బీఏ, బీఎస్సీలను కొన్ని యూనివర్సిటీలు ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు. ముందే ఈమెయిల్ పెట్టి అడగండి. బీటెక్ వారికి సైకాలజీ, స్టాటిస్టిక్స్ సబ్జెక్టులు తక్కువ పడవచ్చు. అమెరికాలోనే ఉంటే కమ్యూనిటీ కాలేజీలో చదివేయండి. మార్కుల మదింపు, టోఫెల్ మామూలే. గడువులు ఎక్కువగా డిసెంబర్, ఫిబ్రవరి మధ్య ముగుస్తాయి. అయిదు చోట్లకు మించి పెట్టకండి.

ఇక అసలు చిక్కు ఎస్‌ఓపీ, అంటే ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నారో చెప్పే వ్యాసం. నా దగ్గరికి వచ్చే చిత్తుప్రతుల్లో చాలావరకు ఒకే వాక్యంతో మొదలవుతాయి: “చిన్నప్పటి నుంచి అందరూ కష్టసుఖాలు నాతోనే చెప్పుకునేవారు.” కొట్టేయండి. ఈ కోర్సుకు వచ్చే ప్రతివారూ ఆ మాటే అంటారు. రెండో రకం ఉంది: తండ్రి తాగుడు, పెటాకులైన పెళ్లి, తన డిప్రెషన్, వాడిన మందుల పేర్లతో సహా రెండు పేజీల నిండా. చదివినవారికి జాలి కలుగుతుంది, సీటు మాత్రం రాదు. సైకాలజీ పీజీ అడ్మిషన్ కమిటీల అధ్యక్షులను వాకబు చేసి డ్రూ ఆపిల్‌బీ, కారెన్ ఆపిల్‌బీ 2006లో ఒక వ్యాసం ప్రచురించారు. సొంత మానసిక సమస్యలను అతిగా ఏకరువు పెట్టడం, అందరినీ ఉద్ధరిస్తానన్న ధోరణి, కోర్సు గురించి ఏమీ తెలుసుకోకపోవడం వంటివి దరఖాస్తును ముంచుతాయని అందులో తేలింది.

అలాగని ఇంటి సంగతి ఎత్తకుండా ఉండలేరు. మీ కుటుంబం మిమ్మల్ని ఎలా మలిచిందో రాయమని చాలా కోర్సులు నేరుగానే అడుగుతాయి. ఎంత రాయాలన్నదానికి నేను పెట్టే పరీక్ష ఒక్కటే: ఆ గొడవను అవతలి మనిషి వైపు నుంచి కూడా చెప్పగలరా? చెప్పలేకపోతే అది ఇంకా పచ్చిపుండే, వదిలేయండి.

ఒక ఉదాహరణ చూడండి. “మా అత్తగారు ప్రతిదానిలో తలదూర్చేవారు, ఆ బాధ తెలుసు కనుకే ఈ వృత్తిలోకి రావాలనుకున్నాను.” ఇది అత్తగారి మీద ఫిర్యాదు. దీన్నే ఇలా రాయవచ్చు: “అత్తగారు ఏ మాటా నాతో నేరుగా అనేవారు కాదు, మా ఆయన చేత చెప్పించేవారు. నేనూ జవాబు ఆయన చేతే పంపేదాన్ని. కొన్నాళ్లకు ఆయన ఇంట్లో మాట్లాడటమే తగ్గించారు.” ఇందులో దోషులు లేరు, రాసిన మనిషీ ఆ చిక్కులో భాగమే. ఇద్దరి మధ్య బిగువులోకి మూడో మనిషిని లాగడాన్ని ఫ్యామిలీ థెరపీ తొలితరం నిపుణుడు మర్రీ బోవెన్ ‘త్రికోణం’ అన్నారు, ఇది అదే. ఆ పేరు మీరు ఎత్తనక్కర్లేదు, చదివే ప్రొఫెసర్ ఇట్టే పట్టేస్తారు.

ఇలా చూడటం అలవడాలంటే రాయడానికి ముందు జీనోగ్రామ్, అంటే కుటుంబ సంబంధాలను చూపే పటం, గీయాలి. మూడు తరాలు, మగవారికి చదరం, ఆడవారికి వృత్తం, తగవు ఉన్నచోట వంకరటింకర గీత. పెన్సిల్‌తో, కాగితం మీదే. సాఫ్ట్‌వేర్‌లో గీస్తే బొమ్మ అందంగా వస్తుంది, ఆలోచన రాదు. తొలి చిత్తుప్రతి తెలుగులోనే రాయండి. కన్సల్టెన్సీలు ఇచ్చే నమూనాల్లో “మా ఉమ్మడి కుటుంబ విలువలు” అని ఒక పేరా తప్పకుండా ఉంటుంది. పండగకు పాతిక మంది వచ్చారంటే అమెరికా ప్రొఫెసర్‌కు ఏమి తెలుస్తుంది? వంటింట్లో ఎవరు నిలబడ్డారో, ఎవరు ముందు తిన్నారో, ఎవరి మాటకు అందరూ ఆగారో రాస్తే తెలుస్తుంది. డబ్బు తీసుకుని ఇంగ్లిష్‌ను నున్నగా చేసేవారు ముందుగా చెరిపేసేది సరిగ్గా ఆ వివరాలనే.

అక్కచెల్లెళ్ల విడాకులు, స్నేహితుల రహస్యాలు పేర్లతో బయటపెట్టకండి. రేపు క్లయింట్ల గుట్టు దాచాల్సినవారు మీరు. చివరి పేరా ఆ కోర్సుకే చెందాలి: అక్కడి క్లినిక్, పర్యవేక్షణ పద్ధతి, మీరు నిజంగా చదివిన ఒక ప్రొఫెసర్ పరిశోధన. యూనివర్సిటీ పేరు మార్చినా అది అతికిందంటే మళ్లీ రాయండి.

సిఫార్సు లేఖలు సాధారణంగా రెండో మూడో అడుగుతారు. “నువ్వే రాసి తెచ్చుకో, సంతకం పెడతా” అనే మాస్టారి దగ్గరికి వెళ్లకండి. అన్ని లేఖలూ ఒకే చేతి రాతని కమిటీకి వెంటనే తెలిసిపోతుంది. హెల్ప్‌లైన్‌లో, బడిలో, స్వచ్ఛంద సంస్థలో మీ పని కళ్లారా చూసినవారి లేఖ ఒకటి ఉండి తీరాలి.

ఇంటర్వ్యూ చాలాచోట్ల గుంపుగా జరుగుతుంది. బృంద చర్చ అనుకుని గొంతు పెంచకండి. పక్కవారు చెప్పింది విని, దాన్ని అందుకుని మాట్లాడండి. “నీ కంటే భిన్నమైన నమ్మకాలున్న జంట వస్తే?” అని అడుగుతారు, స్వలింగ జంట కావచ్చు, వేరే మతం వారు కావచ్చు. సర్దిచెప్పి పంపిస్తానంటే ఆ ఇంటర్వ్యూ అక్కడితో ముగిసినట్టే. మీకు ఎక్కడ ఇబ్బంది కలుగుతుందో, అప్పుడు సూపర్‌వైజర్‌ను ఏమని అడుగుతారో చెప్పండి.