మిరప డీఎన్‌ఏలో మిథైలేషన్‌ను కంప్యూటర్‌తో పరిశీలించే విధానం

గుంటూరు, విజయవాడ కళాశాలల్లో బయోటెక్నాలజీ చదివి ఎపిజెనెటిక్స్ (అక్షరక్రమం మారకుండానే జన్యువుల పనితీరు మారడాన్ని చదివే శాస్త్రం) వైపు వెళ్లాలనుకునేవారు సొంత సీక్వెన్సింగ్ యంత్రం లేదని ఆగిపోనక్కరలేదు. ఇతర పరిశోధకులు జీఈఓ, ఎస్‌ఆర్‌ఏ అనే ఆన్‌లైన్ భాండాగారాల్లో ఉంచిన ముడి సీక్వెన్సింగ్ సమాచారాన్ని ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. మన ప్రాంతపు పంట గనుక మిరపనే ఉదాహరణగా తీసుకుంటాను. మిథైలేషన్ అంటే డీఎన్‌ఏలోని సైటొసిన్‌కు (‘సి’ అక్షరానికి) మిథైల్ అనే చిన్న రసాయన గుంపు అతుక్కోవడం.

మిరప జన్యుక్రమం సుమారు 350 కోట్ల అక్షరాలది, అందులో అధికభాగం పునరావృతాలే. కనుక దానితోనే మొదలుపెడితే ల్యాప్‌టాప్ మొరాయిస్తుంది. సుమారు 13.5 కోట్ల అక్షరాలే ఉన్న అరాబిడాప్సిస్ (ప్రయోగాల్లో వాడే చిన్న మొక్క) సమాచారంతో గెలాక్సీ అనే ఉచిత వెబ్ వేదికపై చేయి తిరిగాక, మిరపను విశ్వవిద్యాలయ సర్వర్‌కు ఎక్కించడం మంచిది.

మిథైలేషన్‌ను గుర్తించడానికి డీఎన్‌ఏపై జరిపే బైసల్ఫైట్ రసాయనచర్యలో మిథైల్ లేని సైటొసిన్ మారిపోయి రీడ్‌లో (యంత్రం చదివిన డీఎన్‌ఏ ముక్కలో) ‘టి’గా కనిపిస్తుంది, మిథైల్ ఉన్నది ‘సి’గానే మిగులుతుంది. ఒక స్థానాన్ని 20 రీడ్లు కప్పి, వాటిలో 16 ‘సి’ చూపితే అక్కడ మిథైలేషన్ 80 శాతం. ఫాస్ట్‌క్యూసీతో నాణ్యత చూసి, ట్రిమ్ గలోర్‌తో అడాప్టర్లు (సీక్వెన్సింగ్ కోసం చివర్లకు అతికించిన కృత్రిమ ముక్కలు) కత్తిరించి, బిస్‌మార్క్‌తో రీడ్లను జన్యుక్రమానికి జతపరచండి. మొక్కల్లో సీజీతో పాటు సీహెచ్‌జీ, సీహెచ్‌హెచ్ సందర్భాల్లోనూ (‘హెచ్’ అంటే ‘జి’ కాని ఏ అక్షరమైనా) మిథైలేషన్ ఉంటుంది కాబట్టి మూడింటినీ విడివిడిగా లెక్కించాలి.

ఫలితాలను నమ్మే ముందు తప్పక చేయవలసిన పరీక్ష ఒకటుంది. రిఫరెన్స్‌లో (రీడ్లను జతపరిచే జన్యుక్రమంలో) క్లోరోప్లాస్ట్ క్రమాన్నీ చేర్చండి. క్లోరోప్లాస్ట్ డీఎన్‌ఏలో మిథైలేషన్ దాదాపు ఉండదు గనుక అక్కడ మిగిలిన ‘సి’ల శాతమే రసాయనచర్య ఎంత అసంపూర్ణంగా జరిగిందో చెబుతుంది. అది 1 శాతం దాటితే, సహజంగానే తక్కువగా ఉండే సీహెచ్‌హెచ్ అంకెలను నమ్మకూడదు.

మరొక చిక్కు రకాల తేడాలో ఉంది. 2014లో ప్రచురితమైన సీఎం334 జన్యుక్రమం మెక్సికో మిరపది. దానిలో ‘సి’ ఉన్న చోట మన తేజ రకంలో పుట్టుకతోనే ‘టి’ ఉంటే, సాఫ్ట్‌వేర్ దాన్ని మిథైల్ లేని ‘సి’గా పొరబడుతుంది. అందుకే అనుమానమున్న స్థానాలను ఐజీవీ అనే, రీడ్లను చూపే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, డీఎన్‌ఏ ఎదుటి పోగు నుంచి వచ్చిన రీడ్లను చూడండి: అక్కడ ‘జి’ నిలిచి ఉంటే మార్పు బైసల్ఫైట్‌దే, ‘ఎ’ ఉంటే రకానిది. అటువంటి స్థానాలను తీసేశాకే, పోల్చే ప్రతి వర్గానికీ కనీసం మూడు వేర్వేరు మొక్కల నమూనాలతో, ఆర్ అనే గణాంక భాషలోని డీఎస్ఎస్ లేదా మిథైల్‌కిట్ ప్యాకేజీతో మిథైలేషన్‌లో తేడా ఉన్న ప్రాంతాలను వెతకండి.