బోటి అడిగితే ఏమొస్తుంది?

నేను పుట్టింది తెనాలి, మెట్టింది హనుమకొండ. పెళ్లయిన కొత్తలో ఒక ఆదివారం మా అత్తమ్మ "కూర తెచ్చిన బిడ్డా, కడిగి పెట్టు" అంటే సంచిలో వంకాయలు ఉంటాయనుకున్నాను. చూస్తే మేకమాంసం. మా వైపు కూర అంటే అన్నంలోకి వండే ఏ కూరైనా కావచ్చు. ఇక్కడి ఊళ్లలో ఉత్తగా కూర అంటే చాలాసార్లు మాంసమే. పెద్దకూర అంటే గొడ్డుమాంసం, పాతబస్తీ ఉర్దూలో దాన్నే "బడే కా" అంటారు. మా అమ్మ ఒకసారి వేటమాంసం అంటే అత్తమ్మ అడవిపంది అనుకుంది. తెనాలిలో వేట అంటే మేకో పొట్టేలో.

అప్పటినుంచి రెండు వైపుల వంటలూ చేస్తున్నాను. మాంసం కొనడానికి వెళ్తే పేరొక్కటే చెప్పి ఊరుకోను. ఏ జంతువు, ఒంట్లో ఏ చోటు, దాంతో ఏం వండబోతున్నాను, మూడూ చెప్తాను. మీరూ అలాగే చెప్పండి.

ముందు జంతువు సంగతి. మటన్ అనే మాట ఫ్రెంచివాళ్లు గొర్రెను పిలిచే పేరులోంచి ఇంగ్లిషులోకి వచ్చింది. మనం మేకమాంసాన్నీ, పొట్టేలు మాంసాన్నీ కూడా మటన్ అనేస్తాం. డాలస్‌లో ఉన్న మా అమ్మాయి మటన్ అని అడిగి, దొరికిన ల్యాంబ్ తెచ్చుకుని వండి ఫోన్ చేసింది. "అమ్మా, అన్నీ నువ్వు చెప్పినట్టే వేశాను, మనింటి కూరలా లేదు" అంది. ల్యాంబ్ అంటే లేత గొర్రె. దాని కొవ్వు వాసన వేరు, ఎంత మసాలా వేసినా పోదు. మేకే కావాలంటే అక్కడ "గోట్" అని అడగాలి. ఇక్కడైనా సరే, తూకం వేయకముందే "మేకా, పొట్టేలా?" అని అడగడం మంచిది.

అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త పడాల్సింది బోటి దగ్గర. తెలంగాణలో బోటి అంటే మేక పేగులు, పొట్ట. ఉర్దూలో బోటీ అంటే మాంసం ముక్క. అత్తమ్మకి బోటి అంటే ప్రాణం. హైదరాబాద్‌లో ఒక హోటల్‌కి తీసుకెళ్తే, బోటీ కబాబ్ అన్న పేరు వినగానే ఆమె ముఖం వెలిగిపోయింది. వచ్చినవి ఎముక లేని మెత్తటి మాంసం ముక్కలు. బాగానే ఉన్నాయి, కానీ ఆమె ఆశపడింది వాటికోసం కాదు. ఆ రోజు నాకు చాలా బాధేసింది. ఉర్దూ మాట్లాడే కొట్టులో "ఓఝ్‌డీ" అంటే పొట్ట ఇస్తారు. పేగులు కూడా కావాలంటే చేత్తో చూపించి అడగండి. ఇంటికి తెచ్చాక పొట్టను వేడినీళ్లలో ముంచి నల్లపొర గీకేయాలి. పేగులను లోపలివైపు బయటికి తిప్పి, ఉప్పూ పసుపూ వేసి నాలుగైదు నీళ్లలో కడగాలి. ఇక్కడ బద్ధకిస్తే కూర మొత్తం పాడవుతుంది.

బొక్క అంటే తెనాలిలో రంధ్రం, హనుమకొండలో ఎముక. మూలుగ ఉన్న గొట్టపు ఎముకని ఇక్కడ మూలుగ బొక్క అనీ నల్లి అనీ అంటారు. మా పుట్టింట్లో నల్లి అంటే మంచంలో ఉండే పురుగు. ఇక్కడ నల్ల అంటే వండుకునే మేక రక్తం.

చోటు చెప్పడానికి మాట దొరక్కపోతే చేత్తో చూపించండి, కొట్టే అతనికి అర్థమవుతుంది. హైదరాబాద్ కొట్లలో రాన్ అంటే తొడ, దస్తీ అంటే ముందుకాలు, సీనా అంటే రొమ్ము. చాంప్ అంటే పక్కటెముకల ముక్క.

వంట పేరు కూడా చెప్పమన్నది ముక్క సైజు కోసం. పులుసుకైతే మెడ, సీనా, ఎముకలు ఉండాలి. వేపుడుకి తొడ నుంచి చిన్న ముక్కలు. ఇగురుకి ఎముక కొంచెం ఉంటే చాలు, నీరు ఇగిరి మసాలా ముక్కకి పట్టేదాకా వేయించాలి. పులుసు అన్నారు కదా అని చింతపండు నానబెట్టేయకండి. మా ఇంట్లో నాటుకోడి పులుసులో చింతపండు పడదు, పల్చటి రసం ఉంటే అదే పులుసు. ఎవరింట్లో వండుతున్నారో వాళ్లనే అడగండి.

దసరాకి మా అత్తగారి ఊళ్లో పొట్టేలు కోసి పోగులు వేస్తారు. ప్రతి పోగులో అన్నీ కొంచెం కొంచెం వస్తాయి, అడగడానికేమీ ఉండదు. ఇంటికి తేగానే కార్జం విడిగా తీయండి. అది తొందరగా ఉడుకుతుంది, మిగతా ముక్కలతో కలిపి ఉడికిస్తే రబ్బరులా గట్టిపడుతుంది. బొక్కలు ముందు పొయ్యి మీదికి ఎక్కించి, మెత్తటి ముక్కలు తర్వాత వేయండి. బోటి మాత్రం రేపటికి ఉంచకుండా ఆ రోజే కడిగి వండేయండి.