పాత డెస్క్‌టాప్‌లో ర్యామ్ పెంచుతున్నారా? టెస్ట్ అయ్యేదాకా హార్డ్ డిస్క్ జోలికి పోకండి

పోయిన నెల ఒక ఫోటో స్టూడియో నుంచి నా దగ్గరికి సీపీయూ ఒకటి వచ్చింది. హెచ్61 బోర్డు (హెచ్61 అనేది మదర్‌బోర్డు మీదుండే ఇంటెల్ చిప్‌సెట్ పేరు), మూడో తరం ఐ3. అందులో ఉన్న 4 జీబీ ర్యామ్ పక్కన ఇంకో 8 జీబీ స్టిక్ వేశారు. ఆన్ చేయగానే 12 జీబీ అని కనిపించింది, పనిలో పడిపోయారు. మూడో రోజు బ్లూ స్క్రీన్. విండోస్ పాడైందనుకుని ఫార్మాట్ కొట్టారు. మళ్లీ బ్లూ స్క్రీన్, మళ్లీ ఫార్మాట్. ఈలోపు పాత హార్డ్ డిస్క్ నిండిపోయిందని పెళ్లి ఫోటోలన్నీ కొత్త డిస్క్‌లోకి కాపీ చేసి, పాతది ఖాళీ చేసేశారు. తర్వాత తెరిచి చూస్తే పదుల కొద్దీ ఫోటోలు పైసగం బాగానే ఉండి, కిందసగం బూడిద రంగులోకి మారిపోయాయి. తలంబ్రాల ఫోటోలు కూడా అందులోనే ఉన్నాయి. ఆ కుటుంబానికి ఏం చెప్పాలో వాళ్లకి తెలియలేదు, నాకూ తెలియలేదు.

12 జీబీ అని కనిపించగానే పని మొదలుపెట్టడం. ఇన్నేళ్లలో మనుషుల్ని ముంచింది ఎక్కువగా ఈ ఒక్క తప్పే. ప్రతి స్టిక్ మీద ఒక చిన్న చిప్‌లో దాని సైజు, స్పీడు రాసి ఉంటాయి. ఆన్ చేయగానే అన్నిటికంటే ముందు నడిచే బోర్డు ప్రోగ్రామ్, అంటే బయోస్, అది చదివి మనకు చూపిస్తుంది, అంతే. లోపల ఉన్న కోట్ల గదులన్నీ సరిగ్గా పనిచేస్తున్నాయని దానర్థం కాదు.

ఫైల్ కాపీ చేసినప్పుడు డేటా ముందు ర్యామ్‌లోకి వచ్చి, అక్కడి నుంచి కొత్త డిస్క్‌లోకి వెళ్తుంది. దారిలో ఒక్క బిట్ తారుమారైనా ఆ తప్పే డిస్క్ మీద అచ్చవుతుంది. సర్వర్లలో వాడే ఈసీసీ ర్యామ్ అయితే ఇలాంటి తప్పు పట్టుకుంటుంది. మన ఇళ్లలోని మామూలు ర్యామ్‌కి ఆ సదుపాయం లేదు. కాపీ పూర్తయిందనే వస్తుంది, ఎర్రర్ ఏమీ రాదు. జేపెగ్ ఫోటోలో ఒక్క బిట్ చెడితే ఆ తర్వాతి భాగమంతా పాడైపోవచ్చు.

కొనేముందు మీ బోర్డు ఏదో చూసుకోండి. హెచ్61లో స్లాట్‌కి 8 జీబీ, మొత్తం 16 జీబీ దాకా పడుతుంది. అంతకన్నా పాత జీ41 బోర్డుల సంగతి వేరు. డీడీఆర్3 (ఈ పాత బోర్డుల్లో వాడే ర్యామ్ రకం) వేసే రకమైనా మొత్తం 8 జీబీనే, అదీ స్టిక్‌కి 4 జీబీ చొప్పున. ఆ 4 జీబీ స్టిక్‌కి రెండు వైపులా కలిపి 16 చిప్‌లు ఉన్నదే తీసుకోండి. 8 చిప్‌లతో వచ్చే కొత్తరకం స్టిక్‌ని ఆ చిప్‌సెట్ సరిగ్గా గుర్తించలేదు. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే ‘ఏఎండీకి మాత్రమే’ అని రాసిన డీడీఆర్3 స్టిక్‌లు ఇంటెల్ బోర్డుకి కొనకండి.

బిగించే రోజు షిఫ్ట్ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ చేయండి. మామూలు షట్‌డౌన్‌లో ఫాస్ట్ స్టార్టప్ వల్ల విండోస్ పూర్తిగా మూతపడదు. ప్లగ్ పీకేసి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి. బోర్డు మీద చిన్న లైటు ఇంకా వెలుగుతుంటే చెయ్యి పెట్టొద్దు. క్యాబినెట్ ఇనుముని ఓసారి ముట్టుకుని అప్పుడు స్టిక్ పట్టుకోండి. స్లాట్‌లో దుమ్ముని మెత్తటి బ్రష్‌తో తీయండి. పాత స్టిక్ బంగారు రంగు అంచుని పెన్సిల్ రబ్బరుతో తుడవచ్చు, కానీ ఆ పొట్టు స్లాట్‌లో పడకూడదు.

ఇక అసలు పని. టెస్ట్ చేసేటప్పుడు హార్డ్ డిస్క్ కేబుల్ పీకేయండి. ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్లస్ ప్రోగ్రామ్ ఉచితం, దాన్ని వేరే కంప్యూటర్‌లో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుంటే పాత బయోస్ బోర్డు మీద కూడా నడుస్తుంది. ముందు కొత్త స్టిక్ ఒక్కటే పెట్టి నడపండి. తర్వాత అదే స్లాట్‌లో పాతది ఒక్కటే. తర్వాత రెండో స్లాట్. చివర్లో రెండూ కలిపి రాత్రంతా, కనీసం నాలుగు పాస్‌లు (టెస్ట్ మొత్తం ఒకసారి పూర్తయితే ఒక పాస్). విడివిడిగా బాగుండి, కలిపితే ఎర్రర్ వస్తే స్టిక్‌లు చెడినట్టు కాదు, రెండింటికీ పొత్తు కుదరలేదని. అప్పుడు బయోస్‌లో స్పీడు 1600 నుంచి 1333కి, ఇంకా వస్తే 1066కి తగ్గించండి. పదేళ్ల నాటి కంప్యూటర్‌లో ఆ తేడా మీకు తెలియను కూడా తెలియదు.

ఒక్క ఎర్రర్ వచ్చినా ఎర్రరే. ‘ఒకటే కదా’ అనుకోవద్దు.

విండోస్‌తో వచ్చే మెమరీ డయాగ్నొస్టిక్ ఒక్కటే నమ్ముకోవద్దు. అది పాస్ చేసిన చెడ్డ స్టిక్‌లు నేను చాలానే చూశాను.

బయోస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని మామూలు కంటే ఎక్కువ స్పీడులో నడిపే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే ఆపేయండి.

డీడీఆర్3కి వోల్టేజ్ 1.5 దాటించొద్దు, ఎవరు చెప్పినా సరే.

రాత్రి చల్లటి గదిలో పాసైతే చాలదు. ఎండాకాలమైతే మధ్యాహ్నం కూడా ఒకసారి నడపండి.

బోర్డు మీద కెపాసిటర్లు ఉబ్బి ఉంటే ర్యామ్ మార్చి లాభం లేదు.

టెస్ట్ పాసయ్యేదాకా ఇక కింద చెప్పినవేవీ చేయొద్దు. బ్లూ స్క్రీన్ రాగానే ఫార్మాట్ కొట్టొద్దు. చెడ్డ ర్యామ్ మీద వేసిన విండోస్ వేస్తున్నప్పుడే పాడవ్వొచ్చు.

సీహెచ్‌కేడీఎస్కే (డిస్క్‌లో తప్పులు వెతికి సరిచేసే విండోస్ ప్రోగ్రామ్) నడపొద్దు. ర్యామ్ చెడితే, మంచి డిస్క్‌ని బాగుచేస్తున్నానని అదే అందులోని ఫైళ్లు చెడగొట్టొచ్చు.

బయోస్ అప్‌డేట్ అసలే వద్దు. మధ్యలో హ్యాంగ్ అయితే బోర్డు పోతుంది.

బ్యాకప్ తీయొద్దు. అవును, బ్యాకప్ కూడా వద్దు. పాత మంచి బ్యాకప్ మీద చెడిన కాపీ ఎక్కేయొచ్చు. బ్యాకప్ కొత్త స్టిక్ పెట్టకముందే తీసుకోవాలి.

ట్యాలీ తెరవొద్దు. ఫోటోలు జరపొద్దు. జిప్ చేయొద్దు.

ఇప్పటికే కొత్త స్టిక్‌తో నాలుగు రోజులు పనిచేసి ఉంటే, సీపీయూ ఇప్పుడే ఆపి, స్టిక్ తీసేసి, ఆ నాలుగు రోజుల్లో కాపీ చేసిన ఫైళ్లు ఒక్కొక్కటీ తెరిచి చూడండి. పాత డిస్క్‌లో ఉన్నవి మాత్రం అప్పటిదాకా డిలీట్ చేయకండి.